గుంపుగా బతికే మీసాల చేపలు: ఇంటి అక్వేరియంలో కోరిడోరాస్ పెంపకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మీసాలున్న చేప అనగానే మనకు గుర్తుకొచ్చేవి జెల్ల, వాలుగ, మార్పు. అవి పులుసులోకి వచ్చే చేపలు. ఈ పేజీ వాటికి దూరపు చుట్టమైన కోరిడోరాస్ గురించి. దక్షిణ అమెరికా వాగుల్లో పుట్టిన, బొటనవేలంత ఉండే చేప ఇది. పెంచేవాళ్లు ముద్దుగా కోరీ అంటారు. పదకొండేళ్లుగా ఇవి మా ఇంట్లో ఉన్నాయి. కొత్తవాళ్లు నీళ్ల గురించి, మందుల గురించి, ఫిల్టర్ల గురించి ఎన్నో అడుగుతారు. ఎవరు ఏది అడిగినా నేను ముందు ఒకే మాట అడుగుతాను: మీ ట్యాంకులో కోరీలు ఎన్ని ఉన్నాయి?

"అడుగున చెత్త తింటాయి, రెండు చాలు" అని దుకాణంలో చెప్పారు. నిజమేనా?

ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. కోరీ చెత్త తినదు. చేపల విసర్జనను ఏ చేపా తిని బతకదు. అది ఇసుకలో వెతుక్కునేది చిన్న పురుగులను, పడిపోయిన మేతను. రెండో పొరపాటు ఆ "రెండు".

నేనూ మొదట రెండే తెచ్చాను. మూడు నెలలు అవి ఫిల్టరు వెనక నుంచి కదలలేదు. దీపం ఆర్పాక మాత్రం కొంచెం తిరిగేవి. ఈ చేప స్వభావమే అంత అనుకున్నాను. తర్వాత ఒకటి చనిపోయింది. మిగిలినది రోజంతా ఒక మూల అద్దానికి ఆనుకుని, తన నీడ పక్కనే పడుకునేది. అది చూసి మా అమ్మ, "దానికి తోడు కావాలిరా" అంది. అదే జాతివి ఐదు తెచ్చి వేశాను. సాయంత్రానికల్లా ఆరూ కలిసి ట్యాంకు ముందు భాగంలో, వెలుతురులోనే, ఇసుక తవ్వుకుంటూ తిరిగాయి. పాత చేప ఏదో ఆరింటిలో గుర్తుపట్టలేకపోయాను. అంతకుముందు మూడు నెలలు నేను చూసింది చేప స్వభావాన్ని కాదు, దాని భయాన్ని.

మరి ఎన్ని ఉండాలి?

ఒకే జాతివి కనీసం ఆరు. చోటుంటే పది, పన్నెండు. వాగుల్లో ఇవి పదుల్లో, వందల్లో కలిసి తిరుగుతాయి. కాపలా పని గుంపంతా పంచుకుంటే ఒక్కో చేపకు తినడానికి తీరిక దొరుకుతుంది. ఒంటరి చేపకు ఆ తీరిక లేదు, అందుకే అది దాక్కుంటుంది.

రంగు కోసం రెండు పాండా కోరీలు, రెండు కంచు రంగువి, రెండు మచ్చలవి కొని "ఆరయ్యాయి" అనుకోకండి. అవి మూడు జంటలు, ఒక గుంపు కాదు. పక్కపక్కన మేస్తాయి కానీ, బెదిరినప్పుడు వెతుక్కునేది తమ జాతివాళ్లనే.

వీటి పొందిక ఎంత దగ్గరిదో చెప్పే విషయం ఒకటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంచు రంగు కోరీలను గమనించినప్పుడు, అవి ఒకదాన్నొకటి ఒంటితో తట్టుకుంటూ కలిసి కదలడాన్ని నమోదు చేశారు. మురికి నీళ్లలో, చీకట్లో కళ్లు పనికిరాని చోట తాకిడే వాటి మాట. సాయంత్రం పూట ట్యాంకు ముందు పది నిమిషాలు కూర్చుంటే మీకూ కనిపిస్తుంది: ఒకటి కదలబోతూ పక్కదాన్ని తడుతుంది, అది ఇంకోదాన్ని తడుతుంది, గుంపు లేస్తుంది.

ట్యాంకు ఎంత పెద్దది కావాలి?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే దాదాపు 55 లీటర్లు పడతాయి. ఆరు మామూలు కోరీలకు అది కనీసం. మూడడుగులది పెట్టగలిగితే ఇంకా మంచిది. వీటికి కావలసింది నేల, ఎత్తు కాదు. ఎత్తుగా, సన్నగా ఉండే ట్యాంకు డబ్బు దండగ. గుండ్రటి గాజు గిన్నె ఏ చేపకూ తగదు. పైన మూత పెట్టండి, నీటికి మూతకు మధ్య రెండంగుళాల గాలి వదలండి. ఎందుకో కింద చెబుతాను.

ఏ జాతి తీసుకోవాలి?

మన వాతావరణంలో ముందు చూడాల్సింది అందం కాదు, వేడికి ఓర్చుకునే శక్తి.

స్టెర్బై నా మొదటి ఎంపిక. నల్లటి తల మీద తెల్లటి చుక్కలు, నారింజ రంగు ముందు రెక్కలు. బొలీవియా, బ్రెజిల్ సరిహద్దుల్లోని గ్వాపోరే నది దీని ఊరు. 24 నుంచి 28 డిగ్రీల నీళ్లలో హాయిగా ఉంటుంది. ధర ఎక్కువే, కానీ ఏప్రిల్, మే నెలల్లో మీకు నిద్ర పట్టనిస్తుంది. కంచు రంగు కోరీ చవక, గట్టిది, అన్ని చోట్లా దొరుకుతుంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉన్న అల్బినోలు చాలావరకు దీని రకమే. గులాబీ, నీలం, ఆకుపచ్చ కోరీలు కనిపిస్తే మాత్రం కొనకండి. అవి చాలావరకు అల్బినోలకు రంగు ఎక్కించి అమ్మేవి. రంగు కొన్నాళ్లకు పోతుంది, బాధ చేపకు మిగులుతుంది.

మిరియాల మచ్చల కోరీకి ఘనమైన చరిత్ర ఉంది. బీగిల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరించిన చేపల్లో ఇదొకటి. 1842లో లియోనార్డ్ జెనిన్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. చల్లటి నీళ్ల చేప, 20 నుంచి 24 డిగ్రీలు దీనికి ఇష్టం. పాండా కూడా అలాంటిదే. కళ్ల చుట్టూ నల్లటి పట్టీ చూసి పిల్లలు ముచ్చటపడతారు కానీ, ఏసీ లేని గదిలో వేసవి దాటించడం కష్టం. వద్దనే చెబుతాను. అంగుళం కూడా ఉండని పిగ్మీ కోరీలు పది పన్నెండుంటే నీటి మధ్యలో కూడా బారుగా ఈదుతాయి. వాటితో పాటు పెద్ద చేపలు ఉండకూడదు.

2024లో శాస్త్రవేత్తలు ఈ ప్రజాతిని విడదీసి కొత్త పేర్లు పెట్టారు. కంచు రంగుది ఇప్పుడు ఆస్టియోగాస్టర్, మిరియాల మచ్చలది హాప్లిసోమా. దుకాణాల్లో పాత పేర్లే నడుస్తున్నాయి, కంగారు పడకండి.

అడుగున ఏం పరచాలి?

ఇసుక. సన్నటి, గుండ్రటి రేణువులున్న నది ఇసుక, అంగుళం మందాన. కోరీ ఇసుకను నోటినిండా తీసుకుని, తినేది మింగి, మిగతాది మొప్పల్లోంచి వదులుతుంది. కళ్ల దాకా ముక్కు దూర్చి తవ్వే ఆ పని చేయనివ్వకపోతే దాని రోజులో సగం తీసేసినట్టే. రంగురాళ్ల మీద ఈ పని కుదరదు.

ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుకైనా సరే. జల్లించి, బకెట్‌లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. కొంచెం తీసి వెనిగర్ చుక్కలు వేయండి. నురగ వస్తే అందులో సున్నం, గుల్లలు ఉన్నట్టు. అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది, వాడకండి. సముద్రపు ఇసుకతో ఎక్కువగా ఇదే చిక్కు. రాతి పొడి ఇసుక అంచులు పదునుగా ఉంటాయి, అదీ వద్దు.

మున్సిపల్ నీళ్లా, బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా?

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ మందు చెప్పిన కొలతలో కలిపితే పోతుంది. బోరు నీళ్లను ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి బుడగలు కొట్టించాకే వాడండి, భూగర్భ జలంలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. కుళాయి చుట్టూ తెల్లటి సున్నం పేరుకునేంత కఠినమైన నీళ్లయితే సగానికి సగం ఆర్వో నీళ్లు కలపండి. ఉత్త ఆర్వో నీళ్లు మాత్రం వద్దు, అందులో చేపకు కావలసిన లవణాలు ఉండవు. ఇక్కడ పెంపకంలో పుట్టిన కోరీలు 6.5 నుంచి 7.8 దాకా పీహెచ్‌కు సర్దుకుంటాయి. అంకెల వెంట పడి మందులు పోయడం కన్నా నీళ్లు వారం వారం ఒకేలా ఉండటం ముఖ్యం. వారానికి పావు వంతు నుంచి మూడో వంతు మార్చండి.

కొత్త ట్యాంకులో ఎన్నాళ్లకు వేయవచ్చు?

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి అంత సమయం పడుతుంది. అది పెరగడానికి చేపలు లేని ట్యాంకులో కొద్దికొద్దిగా మేత వేస్తూ ఉండండి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే కోరీలను తెండి. స్నేహితుల పాత ట్యాంకు ఫిల్టరు నుంచి ఆ బ్యాక్టీరియా పట్టిన స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది. ఆ మురికి స్పాంజిని మించిన కానుక లేదు.

వేసవిలో గది వేడి 38 దాటుతుంది. ఎలా కాపాడాలి?

నన్ను అన్నింటికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. ఎక్కువ కోరీలను పోగొట్టుకునేదీ ఇక్కడే. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, అదే సమయంలో చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ముంచుకొచ్చేది ఈ రెండూ కలిసే.

మూత తీసి, జాలీ పరిచి, చిన్న ఫ్యాను నీటి ఉపరితలం మీదికి గాలి కొట్టేలా పెట్టండి. నీరు ఆవిరవుతూ రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. మన కుండ నీళ్ల సూత్రమే ఇది. హైదరాబాద్, అనంతపురం, కరీంనగర్ లాంటి పొడి గాలి ఉన్న చోట బాగా పనిచేస్తుంది. విశాఖ, మచిలీపట్నం ఉక్కపోతలో అంత ఫలితం ఉండదు, అక్కడ ట్యాంకును ఇంట్లోని చల్లటి గదిలో, నేలకు దగ్గరగా పెట్టడమే మేలు. పైకప్పు కింద పడమటి గోడకు ఆనించిన ట్యాంకు మే నెలలో ఉడికిపోతుంది. ఫ్యాను వల్ల తగ్గిన నీటిని రోజూ నింపండి. ఆవిరైనప్పుడు లవణాలు మిగిలిపోతాయి కాబట్టి దీనికి ఆర్వో నీళ్లు మంచివి.

దీపాలు తగ్గించండి, మేత సగం చేయండి, ఎయిర్ పంపు రాత్రంతా నడపండి. ఐసు గడ్డలు నేరుగా వేయకండి. గంటలో ఐదు డిగ్రీలు పడిపోతే వేడి కన్నా అదే ప్రమాదం. తప్పనిసరైతే గడ్డకట్టించిన సీసా ఒకటి తేలనిచ్చి, ఉష్ణమాపకం చూస్తూ తీసేయండి.

కరెంటు పోతే?

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు లేనప్పుడు మేత వేయవద్దు. పంపు లేకపోతే చెంబుతో ట్యాంకు నీళ్లే తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. అరగంటకోసారి రెండు నిమిషాలు చేసినా ప్రాణం నిలబడుతుంది.

ఉన్నట్టుండి పైకి దూసుకెళ్లి, గాలి మింగి కిందికి వస్తోంది. ఊపిరాడటం లేదా?

భయపడకండి. కోరీకి పేగుతో ఊపిరి పీల్చే శక్తి ఉంది. పైకి వెళ్లి మింగిన గాలి పేగు వెనక భాగానికి చేరుతుంది, అక్కడి పల్చటి గోడల్లోని రక్తనాళాలు ఆక్సిజన్‌ను తీసుకుంటాయి. మిగిలిన గాలి వెనక నుంచి బయటికి పోతుంది. ఎండాకాలం వాగులు గుంటలైనప్పుడు బతకడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు ఇది. మూత కింద గాలి వదలమన్నది ఇందుకే. రోజుకు కొన్నిసార్లు వెళ్తే మామూలే. అన్నీ నిమిషానికోసారి పైకి పరుగెడుతూ, మొప్పలు వేగంగా కొట్టుకుంటుంటే మాత్రం నీళ్లు చెడ్డాయని అర్థం. వెంటనే అమ్మోనియా చూడండి, సగం నీళ్లు మార్చండి.

ఏం పెట్టాలి?

మునిగే గుళికలు ప్రధాన ఆహారం. మిగతా చేపలు పైనే అన్నీ తినేస్తుంటే, దీపం ఆర్పిన అరగంటకు కోరీల వాటా వేయండి. వారానికి రెండుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి చిన్న పురుగులు), లేదా కడిగి సన్నగా తరిగిన వానపాము ముక్కలు. వానపాము వేసిన రోజు చూడాలి వాటి హడావిడి! దుకాణాల్లో ముద్దలుగా అమ్మే ట్యూబిఫెక్స్ అనే సన్నటి పురుగు మురికి కాలువల్లో పెరిగేది, రోగాలు తెస్తుంది, నేను మానేశాను. పొట్ట లోపలికి పోయి కనిపిస్తే కోరీ ఆకలితో ఉన్నట్టే. "మిగిలినది తింటుంది" అనే నమ్మకంతో ఎన్నో కోరీలు మెల్లగా ఎండిపోయి చనిపోతాయి.

మీసాలు అరిగిపోతున్నాయి. రాళ్ల వల్లేనా?

పదునైన రాళ్లు గాయం చేస్తాయి, మురికి నేల ఆ గాయాన్ని పుండు చేస్తుంది. నా అనుభవంలో రెండోదే పెద్ద దోషి. పైకి తేటగా ఉన్న ట్యాంకులో కూడా ఇసుక మీద కుళ్లిన మేత పొర ఉంటుంది, చేప రోజంతా మూతి పెట్టేది అందులోనే. నీళ్లు మార్చేటప్పుడు గొట్టాన్ని ఇసుకకు ఆనించి ఆ పొరను లాగేయండి. మీసం పూర్తిగా మొదలుకంటా పోకపోతే కొన్ని వారాల్లో తిరిగి పెరుగుతుంది.

పట్టుకుంటుంటే వలకు చిక్కుకుంది. ముల్లు గుచ్చుకుంటే ప్రమాదమా?

వీపు రెక్క ముందు, రెండు ముందు రెక్కల ముందు గట్టి ముళ్లుంటాయి. బెదిరితే వాటిని నిటారుగా బిగించేస్తుంది. వల వాడకండి, ప్లాస్టిక్ గ్లాసుతో మెల్లగా తోలి పట్టండి. చిక్కితే లాగవద్దు, వల దారాన్ని కత్తిరించండి. గుచ్చుకున్న వేలు కాసేపు మండుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచితే తగ్గుతుంది. వాపు ఎక్కువైతే వైద్యులకు చూపించండి.

దుకాణం నుంచి తెచ్చేటప్పుడు ఇంకో సంగతి. బాగా బెదిరిన కోరీలు, ముఖ్యంగా స్టెర్బై, ఒంటి నుంచి విషపదార్థం వదులుతాయి. ఇరుకు సంచిలో అది వాటినే చంపుతుంది. సంచిలో నీళ్లు నురగగా కనిపిస్తే ఇంటికి రాగానే చేపలను శుభ్రమైన నీళ్లలోకి మార్చండి, సంచి నీళ్లు ట్యాంకులో పోయకండి. మన దుకాణాలకు చాలా సరుకు చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా నుంచి వస్తుంది. వచ్చిన రోజే కొనకుండా వారం ఆగి, బతికి తింటున్నవాటిని తెచ్చుకోండి.

రోగం రాకుండా కల్లుప్పు వేయమంటున్నారు.

అలవాటుగా వేయవద్దు. కోరీ ఒంటికి పొలుసులుండవు, రెండు వరుసల ఎముక పలకలుంటాయి. పొట్ట అడుగు మెత్తటి చర్మం. ఉప్పుకు, మలకైట్ గ్రీన్ లాంటి మందులకు ఇది త్వరగా దెబ్బతింటుంది. తెల్లచుక్కల రోగం వస్తే సగం మోతాదుతో మొదలుపెట్టి, ఎయిర్ పంపు పెంచి, చేపల తీరు గమనిస్తూ వాడండి. కొత్త చేపలను మూడు వారాలు వేరే ట్యాంకులో ఉంచితే ఈ అవసరమే రాదు.

వేరే చేపలతో కలపవచ్చా?

నియాన్ టెట్రా, రాస్బోరా, గప్పీ లాంటి చిన్న, నెమ్మదైన చేపలు సరిపోతాయి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద వేట చేపలతో వద్దే వద్దు. అవి కోరీని మింగబోతే ముళ్లు గొంతులో బిగుసుకుని రెండూ చనిపోతాయి. పెద్ద గోల్డ్‌ఫిష్‌తో కూడా అదే భయం.

గుడ్లు పెట్టాయి! ఇప్పుడేం చేయాలి?

అభినందనలు. గుంపు సుఖంగా ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వాటి సొంత ఊళ్లలో వానలు మొదలైతే ఇవి గుడ్లు పెడతాయి. మనం రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్న నీళ్లతో ఎక్కువ భాగం మారిస్తే అవి తొలకరి వచ్చిందనుకుంటాయి. మా ఇంట్లో మృగశిర కార్తె వానలు పడే రోజుల్లోనే ఎక్కువగా పెట్టాయి. పైనుంచి చూస్తే ఆడచేప వెడల్పుగా, మగచేప సన్నగా ఉంటాయి. మగచేపలు వెంటపడతాయి, ఆడచేప వాటిలో ఒకదాని పొట్ట దగ్గర నోరు ఆనిస్తుంది. 1995లో జపాన్ పరిశోధకులు కంచు రంగు కోరీలో ఒక వింత బయటపెట్టారు: ఆడచేప వీర్యాన్ని తాగుతుంది, అది పేగు గుండా వేగంగా సాగి, పొట్ట కింది రెక్కలను దొప్పలా ముడిచి పట్టుకున్న గుడ్ల మీదికి చేరుతుంది. ఆ గుడ్లను తీసుకెళ్లి అద్దం మీద, ఆకుల మీద అతికిస్తుంది. మళ్లీ వస్తుంది. గంటల తరబడి ఇదే పని.

తర్వాత వాటి గుడ్లు అవే తింటాయి. వేలితో మెల్లగా దొర్లించి తీసి, అదే ట్యాంకు నీళ్లున్న చిన్న డబ్బాలో, సన్నటి బుడగలతో ఉంచండి. వీధిలో రాలే బాదం ఆకు ఎండినది కడిగి ఒక ముక్క వేయండి, బూజు తగ్గుతుంది. తెల్లబడిన గుడ్లు ఏరేయండి. మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలవుతాయి. మొదటి రెండు రోజులు వాటి పొట్టలోని సొనే ఆహారం. ఆ తర్వాత గుడ్ల నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి రొయ్యజాతి చిన్న జీవి) పెట్టాలి. కోస్తాలో రొయ్యల హేచరీలు వాడేది ఇదే కాబట్టి, అటువైపు తెలిసినవాళ్లుంటే మంచి ఆర్టీమియా గుడ్ల డబ్బా దొరకడం కష్టం కాదు.

గుంపుగా ఉండే వేరే మీసాల చేపలు ఏవైనా పెంచవచ్చా?

గాజు క్యాట్‌ఫిష్ ఒళ్లంతా పారదర్శకం, వెన్నెముక కనిపిస్తుంది. థాయ్‌లాండ్ చేప. మనం కొనే జాతికి సొంత పేరు 2013లో గానీ రాలేదు. ఆరింటికి తక్కువైతే తిండి మాని చనిపోతుంది. ఓటోసింక్లస్ పాచి తినే చిన్న చేప, పాతబడ్డ ట్యాంకుల్లోనే నిలుస్తుంది. మన జెల్లలు కూడా గుంపు చేపలే, అందమైనవే, కానీ చిన్న చేపలను మింగుతాయి.

"షార్క్" అని మూడంగుళాల పిల్లలను అమ్ముతారు. అది పంగాసియస్, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో తిండి కోసం పెంచే చేపే. మీటరు దాటి పెరుగుతుంది. అది కూడా గుంపు చేపే కాబట్టి, ఇంటి ట్యాంకులో దానికి రెండు రకాల శిక్ష. ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే చారల సముద్రపు జెల్ల ముల్లు విషం తీవ్రమైనది, ఇంటికి తేకండి.

ఇక పెంచలేను. చెరువులో వదలవచ్చా?

ఎప్పుడూ వద్దు. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ చేపలు మన చెరువుల్లోకి, కాలువల్లోకి చేరి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి, స్థానిక చేపల తిండి లాక్కుంటున్నాయి. కోరీని తీసుకునేవాళ్లు దొరుకుతారు. పెంచేవాళ్లను అడగండి, దుకాణంలో తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తలా రెండు పంచకండి, గుంపు మొత్తం ఒకరికే ఇవ్వండి. వాటి ఆయుష్షు పదేళ్ల దాకా ఉంటుంది.